కనుమ మర్నాటి వంటిల్లు

పండక్కి ఊరొచ్చినవాళ్లు భోగిమంటల గురించీ ముగ్గుల గురించీ చెబుతారు. నాకు మాత్రం కనుమ మర్నాటి వంటిల్లంటేనే ఇష్టం. దాకలో మిగిలిన కోడికూర, నిన్నటి గారెలు, గుమ్మడికాయ పులుసు... వీటిని ఏం చేస్తారో చూస్తే ఆ ఇల్లాలి చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది.

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు కొందరు కనుమ నాడే కోడిని కోస్తారు. కనుమ పశువుల పండగని కొందరు ముక్కనుమ దాకా ఆగుతారు. ఎప్పుడు కోసినా పక్కన మినపగారెలు ఉండాల్సిందే. కనుమ నాడు మినుము తినాలన్న మాట ఎవరూ తప్పరు. నాటుకోడికి ధనియాలు, గసగసాలు, కొబ్బరి నూరి పెడతారు. పలాస పక్కనే ఉంది కాబట్టి గుప్పెడు జీడిపప్పు కూడా పడుతుంది. నూరేదానికి గుళ్లెందుకు? అక్కడే కాశీబుగ్గలో బద్దలో ముక్కలో తెచ్చుకుంటే చాలు, రుచిలో తేడా రాదు.

ఈమధ్య పెరళ్లలో నాటుకోళ్లతోపాటు టర్కీ కోళ్లు కూడా తిరుగుతున్నాయి. ఈ పక్షి మన దేశానికి కొత్తదేం కాదు. 1612లో తన కొలువులోని ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన టర్కీ కోడిని చూసి మొఘల్ చక్రవర్తి జహంగీర్ ముచ్చటపడి, చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ వేయించాడు. వండేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, కాస్త ఎక్కువ ఉడికిందా పీచులా ఎండిపోతుంది. కాళ్లు చాలాసేపు ఉడకాలి. అందుకే కాళ్లు పులుసులోకి, రొమ్ము వేపుడులోకి విడదీస్తే మంచిది. అమెరికాలో ఉన్న మన పిల్లలు నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కి టర్కీని మొత్తంగా కాలుస్తారు. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో అది ఒక పూటకి అవుతుందా? మర్నాడు ముక్కలు చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి మన వేపుడు చేసేస్తారు. ఎంత దూరం పోయినా మిగిలిన కూరని పారెయ్యబుద్ధి కాని ఆ గుణం నాకు చాలా నచ్చుతుంది.

మళ్లీ మన దాక దగ్గరికి వద్దాం. కనుమ రాత్రి కూరని ఒకసారి బాగా మరిగించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్న సన్నటి సెగ మీద నీరు ఇగిరేదాకా ఉంచితే మసాలా ముక్కని పట్టుకుంటుంది. చద్దన్నంలోకి ఆ ఇగురు తప్ప నాకింకేమీ అక్కర్లేదు.

నిన్నటి గారె గట్టిపడి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో వేసి, మెత్తబడ్డాక రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కాలి. గట్టిగా నొక్కితే విరిగిపోతుంది. నీళ్లు పోయాక, అల్లం, పచ్చిమిర్చి తొక్కు కలిపి ఆవాల పోపు పెట్టిన పెరుగులో వదిలెయ్యాలి. మధ్యాహ్నానికి ఆవడ తయారు. వేడి గారె ముందు తినను పొమ్మన్న పిల్లలు కూడా దీనికి గిన్నె పట్టుకొస్తారు.

గుమ్మడికాయ, చిలగడదుంప, ఆనపకాయ ముక్కలు వేసి బెల్లంతో పెట్టిన పులుసు రెండో రోజుకే కుదురుకుంటుంది. ముక్క లోపలిదాకా చింతపండు దిగుతుంది. అందుకని కావాలనే ఎక్కువ పెట్టేవాళ్లున్నారు, వాళ్లదే తెలివి. ఆవ పెట్టిన అరటికాయ కూర మాత్రం ఏ పూటకి ఆ పూటే. ఆ ఘాటు మర్నాటికి నిలవదు.

హైదరాబాదు వెళ్లేవాళ్లు ఆమదాలవలస స్టేషన్లో అరిసెల డబ్బాలతో రైలెక్కేశాక ఊరు కాస్త నెమ్మదిస్తుంది. వంటింటి పని మాత్రం తగ్గదు, రథసప్తమి వచ్చేస్తోంది. అరసవల్లిలో సూర్యనారాయణస్వామి దర్శనానికి రాత్రి నుంచే బారులు తీరతారు. ఇళ్లల్లో పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం చిక్కుడాకుల్లో పెట్టి నైవేద్యం ఇస్తారు. కాబట్టి కాపు అయిపోయిందని చిక్కుడుపాదు అప్పుడే పీకెయ్యకండి.