తిట్టేంత చనువు

నాన్నని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లాక, బయట కుర్చీలో కూర్చుని రాముణ్ని తలుచుకుందామంటే మాట పెగల్లేదు. కోపమొచ్చింది. అప్పుడు గుర్తొచ్చాడు కంచర్ల గోపన్న, అదే, రామదాసు.

భద్రాచలం గుడి కట్టించిన తహసీల్దారు. సర్కారు సొమ్ము వాడాడని తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరలో పడ్డాడు. 12 ఏళ్లని చెబుతారు. ఆ గది ఇప్పటికీ ఉంది, గోడమీద సీతారాముల బొమ్మలతో సహా. రామదాసు అక్కడ ఓర్పుగా కళ్లు మూసుకుని కూర్చోలేదు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంతయిందో రాముడికే లెక్క అప్పజెప్పాడు. నిలదీశాడు, తిట్టాడు, మళ్లీ తనే నొచ్చుకున్నాడు. చివరికి సీతమ్మని సిఫారసు చెయ్యమన్నాడు. (తహసీల్దారు కదా, సిఫారసు విలువ తెలిసినవాడు!)

నమ్మకమంటే అనుమానం లేకపోవడమని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ వినేవాడే లేడనుకుంటే ఎవరైనా అన్నేళ్లు పోట్లాడతారా?

నేనూ మనసులో గొడవ మొదలుపెట్టాను. నాన్న పొలం అమ్మి కట్టిన నా కాలేజీ ఫీజు దగ్గర్నుంచి, ఆయన మానేసిన పండగ బట్టల దాకా ఒక్కొక్కటే ఏకరువు పెట్టాను. నర్సు తలుపు తీసి, ఇంకో గంట పడుతుందంది.

సరే. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.