డెలిగేషన్ కలవని మా మామ

2025 నవంబర్‌లో కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ ఇజ్రాయెల్ వెళ్లారు. వెంట 60 మంది వ్యాపార ప్రతినిధులు. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చర్చలు మొదలుపెట్టడానికి సంతకాలయ్యాయి. వ్యవసాయం నుంచి సైబర్ సెక్యూరిటీ దాకా అన్నీ మాట్లాడుకున్నారు. చాలామంది ఈ వార్త చూసి స్క్రోల్ చేసేసి ఉంటారు. కొత్తగూడలో పీజీ హాస్టల్, ఆఫీసు మధ్య తిరిగే మనకి దాంతో ఏం పని?

పని ఉంది. 2017 జులైలో మోదీ ఇజ్రాయెల్ వెళ్లారు. భారత ప్రధాని ఒకరు అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. రెండు దేశాల సీఈఓల ఫోరం తొలిసారి కూర్చుంది కూడా అప్పుడే. ఆ మరుసటి నెలలోనే కళ్యాణి గ్రూప్, ఇజ్రాయెల్ కంపెనీ రఫేల్ కలిసి పెట్టిన క్షిపణి విడిభాగాల ప్లాంట్ హైదరాబాద్‌లో మొదలైంది. 2018 డిసెంబర్‌లో అదానీ, ఎల్బిట్ కలిసి హెర్మెస్ 900 డ్రోన్ల ప్లాంట్ కూడా ఇక్కడే తెరిచాయి. ఇజ్రాయెల్ బయట ఆ డ్రోన్ల తయారీకి పెట్టిన మొదటి ప్లాంట్ అదే. పెద్దోళ్ల టూర్లు, మీటింగులు చివరికి మన ఊరి శివార్లలో షెడ్లుగా, మన ఆఫీసుల్లో ప్రాజెక్టులుగా దిగుతాయి.

నా వరకు అది ఒక ఆన్‌కాల్ రోస్టర్‌గా దిగింది. మా కంపెనీకి టెల్ అవీవ్‌లో ఒక టీమ్ ఉంది. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు. ఇజ్రాయెల్ 3 లక్షల మందికి పైగా రిజర్వ్ సైనికుల్ని పిలిచింది. మాతో రోజూ మాట్లాడే తొమ్మిది మందిలో ముగ్గురు సోమవారం స్టాండప్‌కి రాలేదు. యూనిఫాం వేసుకుని వెళ్లిపోయారు. వాళ్ల రాత్రి డ్యూటీలు మాకొచ్చాయి. ఒక సర్వీసు పాస్‌వర్డ్ అయితే వెళ్లిపోయినవాళ్లలో ఒకరి దగ్గరే ఉందని అర్ధరాత్రి రెండింటికి తెలిసింది.

మరుసటి ఏడాది మా కంపెనీ పెద్దలు కొందరు మూడు రోజులు అక్కడికి వెళ్లొచ్చారు. బేర్షెబాలో సైబర్ పార్క్ చూశారు. మాజీ సైనికాధికారుల ప్రసంగాలు విన్నారు. వచ్చాక మా ఆఫీసులో టౌన్‌హాల్ పెట్టి, నేర్చుకున్నవి స్లైడ్లలో చూపించారు. నిజం చెప్పాలంటే అందులో పనికొచ్చేవి ఉన్నాయి. ప్రతి సర్వీసుకీ రెండు ఊళ్లలో ఇద్దరు బాధ్యులు ఉండాలి. ఏ తాళంచెవీ ఒక్కడి జేబులోనే ఉండకూడదు. మూడు నెలలకోసారి డ్రిల్ చేయాలి. ఆ రాత్రి రెండింటి బాధ పడ్డవాడిగా నేను గట్టిగానే చప్పట్లు కొట్టాను.

కానీ స్లైడ్లు చూస్తున్నంతసేపూ నాకు మా మేనమామే గుర్తొచ్చాడు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి, టెల్ అవీవ్‌కి ఆనుకుని ఉండే రమత్ గాన్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాడు. 88 ఏళ్ల ఒక పెద్దావిడని చూసుకోవడం ఆయన పని. యుద్ధం మొదలైన వారంలో వాట్సాప్ కాల్‌లో అడిగాను.

"మామా, సైరన్ మోగితే ఎంత టైమ్ ఉంటది?"

"గాజా దిక్కుకెల్లి వస్తే తొంభై సెకన్లురా అల్లుడు. ఫోన్ల యాప్ మొత్తుకుంటది."

"అంతల్నే షెల్టర్‌కు పోతరా?"

"నేనైతే ఉరుకుత. అవ్వ ఉరకదు గదా."

1991 గల్ఫ్ యుద్ధంలో సద్దాం స్కడ్ క్షిపణులు వేశాక, అక్కడ కొత్తగా కట్టే ప్రతి ఇంట్లో ఒక కాంక్రీట్ గది ఉండాలని రూల్ పెట్టారు. దాన్ని 'మమాద్' అంటారు. ఆ పెద్దావిడ ఉండే బిల్డింగ్ అంతకంటే పాతది. వాళ్లది మూడో అంతస్తు. సైరన్ మోగినప్పుడు లిఫ్ట్ ఎక్కకూడదు. అందుకే మామ మెట్ల మధ్య గోడ దగ్గర ముందే ఒక కుర్చీ వేసి పెట్టాడు. సైరన్ మోగగానే ఆవిడని అక్కడ కూర్చోబెట్టి, పక్కన నిలబడతాడు.

"నువ్వన్న కిందికి దిగొచ్చు గదా మామా?"

"ముసలామెను ఇడిసిపెట్టి ఎట్ల దిగుతరా?"

మా పెద్దసార్ల స్లైడ్లలో లేనిది ఈ కుర్చీ. ఏ ప్లాన్ అయినా అందరూ పరిగెత్తగలరనే అనుకుని రాస్తారు. పరిగెత్తలేనివాళ్లు ఎవరు, వాళ్ల పక్కన ఎవరు నిలబడతారు అన్నది అందులో ఉండదు.

టౌన్‌హాల్ చివర్లో మైక్ తీసుకుని అదే అడిగాను. మనకేదన్నా అయితే మేం ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని ఇంటికెళ్లిపోతాం. 2020 లాక్‌డౌన్‌లో అదే చేశాం. అప్పుడు ఖాళీ బిల్డింగుని కాసింది గార్డు అన్నలు. మరి ఎమర్జెన్సీ లిస్టులో వాళ్ల పేర్లు ఉన్నాయా? హౌస్‌కీపింగ్ అక్కలవి, క్యాబ్ డ్రైవర్లవి? "వాళ్లని వెండర్ చూసుకుంటాడు" అని సమాధానం వచ్చింది. తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. కానీ రెండు వారాల తర్వాత ఫెసిలిటీస్ మేడమ్ ఫోన్ చేసి పేర్లు రాసుకున్నారు. తర్వాతి డ్రిల్‌లో వాళ్లని కూడా బయట నిలబెట్టి లెక్కపెట్టారు. అలర్ట్ మెసేజ్ మాత్రం ఇప్పటికీ ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది. తెలుగులో కూడా పంపమని ఇంకా అడుగుతూనే ఉన్నాను.

2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య 12 రోజులు యుద్ధం నడిచింది. ఈసారి క్షిపణులు రమత్ గాన్‌లోనే పడ్డాయి. ఎయిర్‌పోర్ట్ మూసేశారు. మన ప్రభుత్వం 'ఆపరేషన్ సింధు' పేరుతో రెండు దేశాల నుంచీ మనవాళ్లని తీసుకొచ్చింది. అమ్మ రోజూ ఏడ్చింది. మామ రాలేదు. ఊళ్లో అప్పు ఇంకా తీరలేదు. ఆవిడని అప్పజెప్పడానికి అక్కడ ఇంకో మనిషి లేడు.

ఆయనొక్కడే కాదు. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి ఏళ్లుగా ఇలా వెళ్తూనే ఉన్నారు. 2024 మేలో, యుద్ధం నడుస్తుండగానే, ఇజ్రాయెల్‌లో నిర్మాణ పనుల కోసం హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. 900 మందికి పైగా సెలక్ట్ అయ్యారు. ఇక్కడ దొరకని జీతం కోసం సైరన్ల కిందికి వెళ్తున్నారు. భద్రత గురించి మూడు రోజుల్లో నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లు, అదే విషయం ఏళ్ల తరబడి ఒంటిమీద నేర్చుకుంటున్న మనవాళ్లని కలవకుండానే విమానం ఎక్కుతారు.

ఇలాంటి టూర్లు వద్దని నేననను. ఎవరిని కలుస్తామో దాన్ని బట్టే ఏం నేర్చుకుంటామో ఉంటుంది. మంత్రుల్ని, జనరళ్లని, సిస్టమ్స్ అమ్మేవాళ్లని మాత్రమే కలిస్తే, భద్రత అంటే కొనుక్కునే వస్తువు అనిపిస్తుంది. సరిహద్దుకి అవతల గాజాలో సైరన్ లేదు, దాక్కోడానికి షెల్టర్ లేదు. ఆ మాట ఏ షెడ్యూల్‌లోనూ ఉండదు.

మీ కంపెనీ నుంచి ఎవరైనా ఇలా వెళ్తుంటే ఒక చిన్న మాట చెప్పండి. షెడ్యూల్‌లో ఒక సాయంత్రం ఖాళీ పెట్టుకోమనండి. అక్కడ కేర్‌గివర్లకి వారానికోసారి సెలవుంటుంది. మా మామ ఫోన్ నంబర్ నేనిస్తాను. హీబ్రూ, తెలుగు రెండూ వచ్చు, చాయ్ బాగా పెడతాడు.