కుడి తుంటి కింద దుప్పటి

“రాసేముందు ఒక రాత్రి వచ్చి మా దగ్గర కూర్చో పిన్నీ” అంది మా అక్క కూతురు. ఓ ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సు. వార్డులన్నీ చూపిస్తానంది గానీ, నేను ఒక్క మంచం దగ్గరే ఆగిపోయాను.

ఏడో నెల. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరి, వెనక ఒక పక్కకు కూర్చున్న అమ్మాయి పడిపోయింది. మోకాలు చీరుకుపోయింది, మణికట్టు వాచింది. మా పిల్ల ముందు నాడి చూసింది, బీపీ చూసింది. తర్వాత దుప్పటి మడిచి, చుట్టి, ఆమె కుడి తుంటి కిందకు తోసింది. వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి, గుండెకు రక్తం చేర్చే పెద్ద సిరను నొక్కేస్తుంది. అందుకే 20 వారాలు దాటితే ఎడమకు వాల్చాలి. వెన్నుకు దెబ్బ తగిలిందని అనుమానముంటే ఒంటిని మెలిపెట్టకుండా పొట్టనే చేత్తో ఎడమకు జరుపుతారు.

“దెబ్బ మోకాలికే కదమ్మా, కట్టు కట్టి పంపించండి” అని అత్తగారు గొడవ. ఈ మాటే ప్రాణం తీస్తుంది. కుదుపుకు గర్భసంచి సాగుతుంది, మాయ సాగదు, ఊడొస్తుంది. రక్తం లోపలే ఉండిపోవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 శాతానికి పైగా పెరుగుతుంది కాబట్టి, లీటరు పోయినా బీపీ నిలకడగానే కనిపించవచ్చు. ఈలోగా బిడ్డకు అందాల్సిన రక్తం తగ్గిపోతుంది. అందుకే కనీసం 4 గంటలు బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఉండాలి.

ఎక్స్‌రే వద్దని భర్త భయపడ్డాడు. “తల్లి బాగుంటేనే కదయ్యా బిడ్డ బాగుండేది” అని డాక్టరు మణికట్టుకు తీయించారు. కార్డు చూస్తే ఆమె రక్తం గ్రూపు బి నెగటివ్. అందుకే దెబ్బ తగిలిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి.

భర్తనూ అత్తగారినీ టీకి పంపి, మా పిల్ల మంచం మీదికి వంగింది. “బండి మీద నుంచేనా తల్లీ? ఇంట్లో ఎవరూ చెయ్యి చేసుకోలేదు కదా?”

“లేదక్కా, బండే.”

“ఏమనుకోకు, కడుపుతో దెబ్బ తగిలి వచ్చిన ప్రతివాళ్లనీ అడుగుతాను.”

వీళ్లు ముందు వెళ్లిన చోట క్యాజువాలిటీవాళ్లు లేబర్ రూముకు పొమ్మన్నారట, అక్కడివాళ్లు మళ్లీ క్యాజువాలిటీకి. గంట పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎముకల డాక్టరూ కాన్పుల డాక్టరూ ఒకే మంచం దగ్గరకు రావాలి గానీ, స్ట్రెచర్ ఎందుకు తిరగాలి? ఇక్కడి గోడ మీద పాముకాటుకు చార్టుంది, గుండెపోటుకుంది. గాయపడిన గర్భిణికి లేదు. ఆ దుప్పటి కూడా ఆసుపత్రిది కాదు, మా పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్నది.