మా దీను గురించి మమ్మల్నే అడగండి

మేము నిజామాబాద్ ముసల్మానులం. మాలో బీడీలు చుట్టేవాళ్లున్నారు, పసుపు మార్కెట్లో బస్తాలు మోసేవాళ్లున్నారు, దుబాయి, సౌదీ పోయి ఇంటికి డబ్బులు పంపేవాళ్లున్నారు. బోధన్ షకర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నౌకరీ చేసి ముసలితనానికి వచ్చినవాళ్లున్నారు. మా పక్కింట్లో పద్మశాలి, ఎదురింట్లో మున్నూరు కాపు. మీ పరుపుల్లో దూది ఏకింది మేము, మీ చేతులకు గాజులు తొడిగింది మేము, మీ బోరు మోటరు కాలిపోతే వైండింగ్ చేసింది మేము. తరాలుగా మీ మధ్యనే బతుకుతున్నాం. అయినా మా మతం ఏం చెప్తుందని మీరు మమ్మల్ని అడగలేదు. వేరేవాళ్లను అడిగారు.

ఎవరిని అడిగారు? ముందు బడి పుస్తకాన్ని అడిగారు. అది గజనీ మహమ్మద్ గురించి, మాలిక్ కాఫర్ గురించి, ఔరంగజేబు గురించి చెప్పింది. ఆ తరువాత రజాకార్ల గురించి చెప్పింది. ఆ పాఠం వచ్చిన రోజు క్లాసు మొత్తం మా పిల్లల దిక్కు తిరిగి చూస్తుంది. రజాకార్లను తన రాతతో ఎదిరించి 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లాఖాన్ కూడా ముసల్మానేనని ఆ పిల్లలకు ఎవరూ చెప్పరు. ఆ తరువాత మీరు ఎన్నికల మైకును అడిగారు. ఇప్పుడు సెల్‌ఫోన్‌ను అడుగుతున్నారు. 2022 మార్చిలో బోధన్‌లో శివాజీ విగ్రహం దగ్గర గొడవ జరిగి 144 సెక్షన్ పెట్టారు. అలాంటి రోజుల్లో ముసల్మాను అంటే ఎవరో మా వాడలో ఒక్కణ్ణి కూడా ఎరగనివాడు ఫోన్లో చెప్తాడు. మా వాకిట్లో చాయ తాగిన మనిషి దాన్ని నమ్ముతాడు. మాకు కిరాయికి ఇల్లు దొరకనిదీ, మా పిల్లవాడి దరఖాస్తు పక్కన పడేదీ ఆ నమ్మకం వల్లనే.

సెక్యులర్ దోస్తులతోనూ మాకు ఇదే బాధ. 1992 డిసెంబర్ 6 తరువాత మాతో నిలబడింది మీరే. దాన్ని మేము మరిచిపోలేదు. కానీ మా దీను గురించి మీకు తెలిసినవి రెండే మాటలు: తలాక్, బురఖా. ఆ రెండూ మీరు మా విమర్శకుల దగ్గర నేర్చుకున్నవే. ఒక ఇంటి గురించి ఆ ఇంటి మీద కేసు వేసినవాణ్ణి ఒక్కణ్ణే అడిగి తీర్పు చెప్తే అది న్యాయమా?

మమ్మల్ని అడిగితే ఏం తెలుస్తుందో కొంచెం చెప్తాం.

రోజుకు ఐదుసార్లు మీరు అజా వింటారు. అందులో అక్బర్ అనే మాట విని ఆ మొగలు పాదుషాను తలుస్తున్నారని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్బర్ అంటే అందరికన్నా గొప్ప అని అర్థం. దేవుడు గొప్పవాడు, ఆయన తప్ప వేరే దేవుడు లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త, నమాజుకు రండి, సాఫల్యానికి రండి. అజా అంటే ఇంతే. తెల్లవారుజామున మాత్రం నిద్ర కన్నా నమాజు మేలు అనే మాట కలుస్తుంది. అందులో ఎవరి మీదా కోపం లేదు.

జకాత్ అనే మాట మీరు వినే ఉంటారు. ఒక హద్దుకు మించిన సొమ్ము ఏడాదిపాటు దగ్గరుంటే దానిలో నూటికి రెండున్నర పేదలకు ఇవ్వాలి. అది దయ కాదు, పేదవాడి హక్కు. పంట మీదా ఇలాంటి బాధ్యత ఉంది. దాన్ని ఉష్ర్ అంటారు. వానకు పండిన పంటలో పదో వంతు ఇవ్వాలి. చెమటోడ్చి, ఖర్చు పెట్టి నీళ్లు పారించిన పంటలో ఇరవయ్యో వంతు ఇస్తే చాలు. ఈ లెక్కలోని న్యాయం బోధన్, వర్ని, కోటగిరి దిక్కు చెరుకు రైతుకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. నీళ్ల కోసం రాత్రిళ్లు మోటరు దగ్గర పండుకున్నవాడికి ఎందుకు తగ్గించారో ఆయనకు ఎవరూ విప్పి చెప్పక్కరలేదు. మా దీను మీద రాసిన విమర్శల్లో ఈ మాట మీకు దొరకదు, ఎందుకంటే ఇందులో తిట్టడానికి ఏమీ లేదు.

రోజా సంగతి నిజాం షుగర్ ఫ్యాక్టరీ కార్మికులను అడగండి. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీకి ఆసియాలోనే పెద్దదని పేరుండేది. మా సంవత్సరానికి 354 రోజులే కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ముప్ఫై మూడేండ్లలో అన్ని కాలాలూ తిరిగొస్తుంది. ఎండాకాలపు కష్టం ఏ దేశంవాళ్ల మీదనో శాశ్వతంగా పడొద్దని అట్లా పెట్టారని మా పెద్దలు చెప్తారు. 1990ల చివర రంజాన్ డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చింది. అది చెరుకు క్రషింగ్ జోరుగా సాగే కాలం. మిషను ఆగదు, షిఫ్టు ఆగదు. పొద్దు గుంకే వేళ పక్కనున్న హిందూ కార్మికుడు మిషను చూసుకుంటే మావాడు ఖర్జూరం నోట్లో వేసుకుని మగ్రిబ్ నమాజు చదివి వచ్చేవాడు. జబ్బుపడినవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు రోజా మినహాయింపు ఉందని ఆ హిందూ కార్మికుడికి తెలుసు. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు, పక్కవాణ్ణి అడిగాడు. 2015 చివర ఫ్యాక్టరీ మూతపడింది. జీతాలు పోయినట్టే, అడిగి తెలుసుకునే ఆ చోటు కూడా పోయింది.

ఇక నాలుగు పెండ్లిళ్ల మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు వేరే భార్య కూడా ఉందని చెప్పిన స్త్రీలు ముస్లింలలో నూటికి 1.9, హిందువులలో 1.3. ఈ కొద్ది తేడా మీద ఎన్ని ఉపన్యాసాలు నడిచాయో లెక్క వేసుకోండి.

అయితే మమ్మల్ని అడగండి అన్నప్పుడు మాలో ఒక్కరినే అడగమని కాదు. మా వాడలో దర్గాకు పోయేవాళ్లున్నారు, దర్గా మొక్కు తప్పనేవాళ్లున్నారు. వర్ని దిక్కు బడాపహాడ్ గుట్ట మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గాకు ముసల్మానులూ హిందువులూ కలిసి ఎక్కి కందూరు చేస్తారు. తబ్లీగు జమాత్‌లో తిరిగే మా పిల్లవాడు అది దీనులో లేదంటాడు. ముసల్మాను ఇల్లు ఒక్కటీ లేని పల్లెల్లో పీర్లను లేపేది హిందువులే. అది ఇస్లామా కాదా అని మాలో మేమే వాదించుకుంటాం. ఆ వాదన కూడా వినండి. పెద్ద గొంతుతో మాట్లాడే ఒక మౌలానాను టీవీలో కూర్చోబెట్టి ఇదే ఇస్లాం అంటే, అది కూడా మమ్మల్ని అడగకపోవడమే.

ముఖ్యంగా మా ఆడవాళ్లను అడగండి. బీడీలు చుడుతూ ఇల్లు నడిపే ఆమెకు తన మెహర్ ఎంతో తెలుసు, అది చేతికి రాలేదనీ తెలుసు. భార్యాభర్తల మధ్య తగవు వస్తే ఇరువైపుల నుంచి ఒక్కొక్క పెద్దమనిషిని పెట్టి మాట్లాడించాలని ఖురాన్ చెప్తుంది. ఆడది తానుగా విడిపోవడానికి ఖులా ఉంది. ఒక్క నోట మూడుసార్లు తలాక్ అనడాన్ని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న కొట్టేసింది. ఆ కేసు నడిపింది షాయరాబానో లాంటి ముస్లిం స్త్రీలే. అంటే విశ్వాసులను అడగడమంటే పొగడ్తలు వినడం కాదు. లోపలి నుంచి వచ్చే విమర్శ బయటి తిట్టు కన్నా పదునుగా ఉంటుంది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో, 'జల్‌జలా' సంకలనం 1998లో తెలుగులో వచ్చినప్పుడు మా గొంతుతో మేమే మాట్లాడాం.

ఇది కొత్త న్యాయమూ కాదు. గజనీ మహమ్మద్ పేరు మీ అందరికీ తెలుసు. అదే గజనీ నుంచి ఈ దేశానికి వచ్చిన అల్‌బెరూనీ సంస్కృతం నేర్చుకుని, పండితులను అడిగి, హిందువులు తమ మతం గురించి ఏం చెప్తారో అదే రాస్తానని 1030 ప్రాంతంలో పుస్తకం రాశాడు. దారాషికో కాశీ పండితులను కూర్చోబెట్టుకుని 1657లో యాభై ఉపనిషత్తులను పారశీకంలోకి తెచ్చాడు. ఆ పారశీకం నుంచి లాటిన్‌లోకి పోయాకనే యూరపు వాళ్లు ఉపనిషత్తులను చదివారు. ఇటు మన తెలుగులో ఖురాన్‌ను మొదట అనువదించింది చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితుడు. బడి పుస్తకం ఒక్క గజనీ మహమ్మద్‌నే గుర్తుపెట్టుకుంటే ఈ ముగ్గురూ ఎక్కడికి పోవాలి?

ఈ న్యాయం మాకూ వర్తిస్తుంది. బతుకమ్మ ఎందుకు పేరుస్తారో మా పిల్లలు ఏ మజ్లిసులోని ఉపన్యాసంలోనో కాదు, పక్కింటి అక్కనడిగి తెలుసుకోవాలి. అంబేద్కర్ బౌద్ధం ఎందుకు తీసుకున్నాడో మాలపల్లెలో అడగాలి. మేము మీ నుంచి కోరేది మీకూ ఇస్తాం.

మా దీనును మీరు ఒప్పుకోవాలని మేము అనడం లేదు. అడిగినాక, విన్నాక, మీకు నచ్చనిది మా మొహం మీదే చెప్పండి. మేము జవాబిస్తాం, లేకపోతే మాలో మేము ఆలోచించుకుంటాం. మాకు తెలియకుండా మా గురించి తీర్పు చెప్పడం మాత్రం ఆపండి. మా ఇండ్లు మీ గల్లీలోనే ఉన్నాయి. తలుపు తీసే ఉంది.