హడ్డీల్లోకి దిగిన షకర్

మా ఖాందాన్‌లో షుగర్ బీమారీ లేని ఇల్లు వెతికినా దొరకదు. షాదీ దావత్‌లో దస్తర్‌ఖాన్ పరిచేసరికి ఒకరు గోలీ మింగుతుంటారు, ఇంకొకరు ఇన్సులిన్ కోసం పక్క కమ్రాలోకి వెళ్తారు. కళ్ళు, గుర్దాలు, పాదాలు, దిల్... వీటిని షుగర్ ఏం చేస్తుందో అందరూ చెప్తారు. హడ్డీల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

కర్నూల్లో మా ఖాలాకు 63 ఏళ్ళు. 18 ఏళ్ళుగా షుగర్. ఒకరోజు ఫజర్‌కి వుజూ చేసుకోవడానికి గుసుల్‌ఖానాలోకి వెళ్ళి జారింది. మెట్ల మీంచి కాదు, మిద్దె మీంచి కాదు, నిలుచున్న చోటే పడింది. తుంటి హడ్డీ విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. చూడ్డానికి వచ్చిన పెద్దలంతా "అల్లా మర్జీ" అన్నారు. ఖాలూ మాత్రం ఒక పాత కాగితం తీసుకొచ్చి డాక్టర్ ముందు పెట్టాడు. రెండేళ్ళ కింద తీయించిన డెక్సా స్కాన్ అది. అందులో హడ్డీలు నార్మల్ అని ఉంది. "మరి ఇదేంది డాక్టర్ సాబ్?" అని అడిగాడు.

ఆ జవాబు మన ఇళ్ళన్నిటికీ చేరాలి. స్కాన్ హడ్డీలో ఖనిజం ఎంతుందో కొలుస్తుంది. ఆ హడ్డీ ఎంత మజ్బూత్‌గా ఉందో పూర్తిగా చెప్పలేదు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళలో సాంద్రత మామూలుగానో, కాస్త ఎక్కువగానో కనబడొచ్చు. అయినా విరిగే ఖత్రా ఎక్కువే. టైప్ 1లో సాంద్రత కూడా తగ్గుతుంది, ఖత్రా ఇంకా పెరుగుతుంది.

ఎందుకంటే, ఇంటి స్లాబ్‌లో సిమెంటూ ఇనుప చువ్వలూ ఉన్నట్టే హడ్డీలో కాల్షియం ఖనిజమూ, కొల్లాజెన్ అనే ప్రొటీన్ దారాలూ ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు కాస్త వంగి తట్టుకునేది ఆ దారాల వల్లే. ఏళ్ళ తరబడి ఖూన్‌లో షకర్ ఎక్కువగా ఉంటే అది ఆ దారాలకు అంటుకుపోతుంది. తవా మీద రోటీ ఎర్రబడటం కూడా ఈ రకం రసాయన చర్యే. దారాలు బిర్రుగా అయిపోయి వంగే గుణం పోతుంది. మనం మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా హిమోగ్లోబిన్‌కు అలా అంటుకున్న షకర్‌నే లెక్క చూస్తుంది. కాకపోతే ఎర్రకణం 120 రోజుల్లో పోయి కొత్తది వస్తుంది. హడ్డీలో కొల్లాజెన్ ఏళ్ళకేళ్ళు ఉంటుంది. పైగా షుగర్ ఉన్నవాళ్ళలో పాత హడ్డీ పోయి కొత్తది తయారయ్యే పని కూడా మందగిస్తుంది.

రెండో సంగతి పడిపోవడం. పాదాలు మొద్దుబారితే తడి నేల తెలియదు. చూపు తగ్గితే గడప కనబడదు. రాత్రి ఇన్సులిన్ వల్లో, కొన్ని గోలీల వల్లో తెల్లారేసరికి షుగర్ పడిపోతే చక్కర్ వస్తుంది. ఫజర్ వేళ చీకట్లో, నిద్రమత్తులో, తడి బండల మీద వుజూ. ఖత్రాలన్నీ ఒకే జాగాలో కలుస్తాయి.

ఖాలా ఇంటికొచ్చాక అందరూ పాయా షోర్బా పంపడం మొదలుపెట్టారు. మొహబ్బత్‌తో పంపింది ఎవరు కాదంటారు? రుచికి తాగొచ్చు. కానీ షోర్బాలోకి దిగేది ఎక్కువగా జెలటిన్. కాల్షియం చాలావరకు ఆ ఎముకల్లోనే ఉండిపోతుంది. పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఒక గ్లాసు పాలల్లో సుమారు 300, వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 350 ఉంటుంది. రాగిలోనూ పిండిపదార్థం ఉంది కాబట్టి అన్నం తగ్గించి ఆ జాగాలో తినాలి, అన్నం తిన్నాక పైన కాదు. ఇక విటమిన్ డి. పాత ఇళ్ళల్లో ఆంగన్ ఉండేది, ఆడవాళ్ళు పర్దాలోనే ఎండలో కూర్చునేవాళ్ళు. ఇప్పటి ఫ్లాట్లలో ఆ ధూప్ ఎక్కడిది? రక్తపరీక్ష చేయించి, తక్కువుంటే డాక్టర్ చెప్పిన మోతాదులో వేసుకోవాలి.

దవా సంగతి కూడా. పయోగ్లిటజోన్ అనే షుగర్ గోలీ ఆడవాళ్ళలో హడ్డీలు విరిగే ఖత్రా పెంచుతుంది. వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టర్‌ని అడగండి.

ఖాలా ఇప్పుడు కుర్చీ మీద నమాజ్ చదువుతుంది. మొదటి రోజు "సజ్దా భీ నసీబ్ నై హువా బేటా" అని ఏడ్చింది. నిలబడలేనివాళ్ళు కూర్చొని, కూర్చోలేనివాళ్ళు పడుకొని చదవొచ్చని మన దీన్‌లోనే ఉంది. బీమార్‌కు రోజా విషయంలో రుఖ్సత్ ఉందని సూరె బఖరాలో ఉంది. అల్లా ఇచ్చిన ఆసానీని వాడుకోవడానికి సిగ్గెందుకు? అల్లా మర్జీ అన్న మాట నిజమే. ముందు ఒంటెను కట్టేసి, ఆ తర్వాత తవక్కుల్ చేయమని చెప్పింది కూడా మన రసూలే కదా.

అందుకే మా ఇంట్లో గుసుల్‌ఖానా గోడకు రెండు స్టీల్ కడ్డీలు వేయించాం. వుజూకి ఒక స్టూల్, కింద జారని రబ్బరు చాప, రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టాం. మేస్త్రీ కూలీతో కలిపి అయింది తుంటి ఆపరేషన్ బిల్లులో పిసరంత. లేవగానే మంచం అంచున రెండు నిమిషాలు కూర్చొని తర్వాతే నిలబడాలని అమ్మీకి చెప్పాం. అమ్మీకీ షుగరే. "నన్నప్పుడే బుడ్డీని చేసేశారా?" అని రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫజర్‌కి చూస్తే, కడ్డీ పట్టుకొని వుజూ చేసుకుంటోంది.