కంచెకు అవతల నాలుగు మొక్కలు

గంజాయి వనంలో తులసి మొక్క అనే సామెత మనం చిన్నప్పటినుంచీ వింటున్నదే. అయితే, ఆ రెండు మొక్కల్నీ పక్కపక్కన చూసినవారు మనలో యెంతమంది వుంటారు? నేను చూశాను. అదీ మన దేశంలో కాదు. కెనడాలో, టొరంటో నగరాన్ని ఆనుకుని వున్న మిస్సిసాగాలో, మా అమ్మాయి వాళ్ళ పెరట్లో.

2024 మే నెలలో నేనూ మా ఆవిడా అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆరు నెలలు వుండి వచ్చాం. వెళ్ళిన పది రోజులకే మా ఆవిడ అక్కడి తెలుగువారింటినుంచి ఒక తులసి మొక్క సంపాదించి, కుండీలో వేసి, యెండ బాగా తగిలే చోటు చూసి కంచె వారగా పెట్టింది. కంచెకు అవతల పక్కింటాయన పెరడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. మోకాళ్ళ నొప్పులతో బాధపడుతూ కూడా పొద్దస్తమానం తోటపనిలోనే వుండేవాడు. ముందు టొమాటోలు, తరువాత చిక్కుళ్ళు, వాటి వెనక వరసగా నాలుగు పెద్ద కుండీలు.

జూలై నాటికి ఆ కుండీల్లో మొక్కలు నా భుజాల యెత్తు వచ్చాయి.

"యేమండీ, వీళ్ళు కూడా గోంగూర తింటారా? గోగుమొక్కలు యెంత యేపుగా పెరిగాయో చూడండి. నాలుగాకులు అడిగితే ఇవ్వరంటారా?" అంది మా ఆవిడ.

ఆవిడ అలా అనుకోవటంలో వింతేమీ లేదు. రెండింటి ఆకులూ చేతివేళ్ళలాగే విచ్చుకుని వుంటాయి. గోగుకు శాస్త్రజ్ఞులు పెట్టిన హైబిస్కస్ కన్నాబినస్ అనే పేరులోనే గంజాయి పేరు దాగి వుంది. నాకు మాత్రం చూడగానే తెలిసిపోయింది. పన్నెండేళ్ళు పాడేరు ప్రాంతంలో లెక్కల మేష్టరుగా పనిచేసిన వాణ్ణి గదా! పిల్లల చదువుల కోసం మా ఆవిడ అనకాపల్లిలోనే వుండిపోయింది గనక ఆ మొక్కను చూసే భాగ్యం ఆవిడకు కలగలేదు.

"అది గోంగూర కాదే, గంజాయి," అన్నాను.

అంతే! ఆవిడ గబగబా వెళ్ళి తులసి కుండీని రెండు చేతులా యెత్తి మెట్ల దగ్గరికి తెచ్చేసింది. కాని మెట్ల దగ్గర యెండ యేదీ? మూడు రోజులకల్లా తులసి తల వేలాడేసింది. నాలుగో రోజున కుండీ మళ్ళీ కంచె వారకే చేరింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ.

"ఇక్కడ అది నేరం కాదమ్మా. 2018 అక్టోబరు 17నుంచీ చట్టం మారింది. ఈ రాష్ట్రంలో ఇంటికి నాలుగు మొక్కలు వేసుకోవచ్చు," అంది అమ్మాయి.

"ఇంటికా, మనిషికా?"

"ఇంటికే అత్తయ్యగారూ. ఇంట్లో పదిమంది వున్నా నాలుగే. పక్కనున్న క్విబెక్ రాష్ట్రంలో ఇంట్లో ఒక్క మొక్క వేసినా తప్పే. ఆ నిషేధం చెల్లుతుందని 2023లో ఇక్కడి సుప్రీంకోర్టు కూడా చెప్పింది," అన్నాడు అల్లుడు.

"మరి ఇక్కడ అయిదోది వేస్తే?"

"అది నేరం."

"బాగుంది వరస! నాలుగింటిదాకా పుణ్యం, అయిదోది పాపమూనా?" అంది మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ.

ఆ పెద్దాయనతో నాకు స్నేహం కుదిరింది. ఇద్దరం రిటైరైన వాళ్ళమే. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే. ఆయన పెంపకమంతా కంచె మీద చేతులాన్చి చెప్పేవాడు. లైసెన్సు వున్న దుకాణంలో గింజలు కొన్నాడట. ఏప్రిల్లో కిటికీ దగ్గర మొలకెత్తించి, మంచు భయం పోయాక మే ఆఖరున బయట పెట్టాడట. జూన్ 21 దాటి పొద్దు తగ్గుతూ, రాత్రి పెరుగుతూ వుంటేనే ఆ మొక్కకు పూత వస్తుంది. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడి సోకితే ఆడ పువ్వు గింజ కట్టేస్తుంది. అందులో మత్తు తగ్గిపోతుంది. అందుకని మగ మొక్కను ముందే కనిపెట్టి పీకెయ్యాలి. ఒకప్పుడు బెంగాలులో లైసెన్సు మీద గంజాయి పండించే రోజుల్లో ఈ పనికి ప్రత్యేకంగా మనుషులుండేవారనీ, వాళ్ళను గంజాయి డాక్టర్లనేవారనీ నేను చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు.

సెప్టెంబరు వచ్చింది. పూత ముదిరింది. దానితోపాటు వాసనా ముదిరింది. పచ్చిగడ్డీ, కిరసనాయిలూ కలిపి కుళ్ళబెట్టినట్టుండే ఆ వాసనకు అమ్మాయి కిటికీలన్నీ బిగించేసింది. ఆవిడ అసలు భయం వాసన గురించి కాదు. పదిహేనేళ్ళ కొడుకు గురించి. వాడు ఆ పెద్దాయనకు టొమాటోలు కొయ్యటంలో సాయం చేస్తుంటాడు మరి.

ఒకనాడు వాడే అడిగాడు. "తాతయ్యా, దుకాణంలో అమ్ముతున్నారు. చట్టం వొప్పుకుంది. అమ్మకెందుకంత కోపం?"

"చట్టం వొప్పుకోవటం వేరు, వొంటికి పడటం వేరురా. పాతికేళ్ళు వచ్చేదాకా మెదడు యెదుగుతూనే వుంటుంది. నీ వయసులో మొదలుపెట్టిన వాళ్ళలో కొందరికి మతి చెడే ప్రమాదం వుందని డాక్టర్లు చెబుతున్నారు. అందుకే ఈ వూళ్ళో పంతొమ్మిదేళ్ళు నిండనిదే అమ్మరు. పద్ధెనిమిది నిండనివాడికి ఇస్తే, ఇచ్చినవాడికి పధ్నాలుగేళ్ళదాకా జైలు పడవచ్చు," అన్నాను.

వాడు తల వూపాడు గాని తృప్తిపడలేదు. అప్పుడు వాడికి నా శిష్యుడి సంగతి చెప్పాను.

పాడేరు కొండల్లో ఆ పంట గిరిజనుడు తన సరదాకు వెయ్యడు. బయటినుంచి వ్యాపారి వస్తాడు. గింజలూ, పెట్టుబడీ ఇస్తాడు. దూరాన కొండవాలు చూపించి వేయిస్తాడు. పంట తీసుకుపోతాడు. పట్నం చేరేసరికి దాని ధర యెన్నో రెట్లవుతుంది. పండించినవాడికి మిగిలేది కొద్ది డబ్బూ, కొండంత భయమూ. మన దేశంలో 1985లో వచ్చిన చట్టం ప్రకారం గంజాయి సాగు చేస్తే పదేళ్ళదాకా కఠినశిక్ష, లక్ష రూపాయలదాకా జరిమానా. ఇరవై కిలోలకు మించి పట్టుబడితే పదేళ్ళకు తక్కువ కాకుండా, ఇరవై యేళ్ళదాకా శిక్ష. బెయిలు దొరకటం కూడా కష్టమే. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన ప్రభుత్వం ఆ కొండల మీద వేలాది యెకరాల పంటను నరికించి తగలబెట్టించింది.

మా వాడు నేను బోర్డు మీద లెక్క రాసి వెనక్కు తిరిగేలోగా జవాబు చెప్పేవాడు. తండ్రి పోవటంతో పదో తరగతితో చదువు ఆగిపోయింది. పంతొమ్మిదో యేట యెవరో ఒక మూట చేతికిచ్చి, నర్సీపట్నం రోడ్డుదాకా మోసుకొస్తే అయిదు వేలిస్తానన్నాడు. దారిలో పట్టుకున్నారు. మూట ఇచ్చినవాడెవడో ఈనాటికీ తేలలేదు. మా వాడు నాలుగేళ్ళు లోపలే వున్నాడు. సిగరెట్టు కూడా ముట్టి యెరగనివాడు!

మనవడు చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఈ తాతగారు చేసేది కూడా అదే గదా," అన్నాడు చివరికి.

అదే. మొక్కా అదే, ఆకూ అదే. మన దేశంలోనే 1985కు ముందు లైసెన్సు దుకాణాల్లో దాన్ని అమ్మేవారు. 1894లో ఈ సంగతి విచారించిన కమిషన్ పూర్తిగా నిషేధించనక్కరలేదు, పన్ను వేసి అదుపులో పెట్టమని తేల్చింది. కాలం మారితే చట్టం మారుతుంది. సముద్రం దాటితే మారుతుంది. పెద్దాయనకు ఆ మొక్క సాయంత్రపు కాలక్షేపం. మా వాడికి నాలుగేళ్ళ వయసు. ఇది యెవరి తప్పని మనవడికి చెప్పను? మూట యెత్తేముందు అది యెవరిదో అడగమని మాత్రం చెప్పాను.

ఈ కథ నాకొచ్చిన ఇంగ్లీషులో పెద్దాయనకూ చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఇప్పుడా కుర్రాడేం చేస్తున్నాడు?" అని మాత్రం అడిగాడు. మర్నాటికల్లా ఆ కుండీల చుట్టూ వలకంచె, దానికో తాళం కనిపించాయి.

అక్టోబరు వానలకు రెండు మొక్కల పూత బూజు పట్టి కుళ్ళిపోయింది. మిగిలిన రెండూ కోసుకున్నాడు. మా తులసిని చలికి ముందే ఇంట్లోకి తెచ్చుకున్నాం. దాని కింద మొలిచిన చిన్న మొక్కనొకదాన్ని మా ఆవిడ ఆయనకిచ్చి, రోజూ నీళ్ళు పొయ్యాలని సైగలతోనే బోధించింది.

దీపావళికి మా శిష్యుడు ఫోన్ చేశాడు. బెయిలు మీద వచ్చాక రెండెకరాల్లో కాఫీ వేశాడు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకించాడు.

"మేష్టారూ, అక్కడ కాఫీ పెరుగుతుందాండీ?"

"పెరగదురా. చలికి చచ్చిపోతుంది."

"మరి పెరళ్ళలో యేం వేసుకుంటారండీ?"

"టొమాటోలు వేస్తారు, చిక్కుళ్ళు వేస్తారు," అన్నాను.