ముందర వణుకుడు, టకటక చప్పుడు – మా పాత పికప్ నాకు నేర్పిన పాఠం

పత్తి ఏరుడు మొదలైంది, ఊర్లల్ల ఉన్న పాత బండ్లన్నీ మళ్ల రోడ్డెక్కినయి. అందుకే ఈ ముచ్చట ఇప్పుడు రాస్తున్న. జర పొడుగైతది. పాత పికప్ నడిపేటోళ్లు మాత్రం ఆఖరి దాకా సదువుండ్రి.

మాది గుర్రంపోడు దిక్కు. నా బండి 2008 మోడల్, సెకండ్ హ్యాండ్‌ల కొన్న. బత్తాయి ఉన్నప్పుడు మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బాటసింగారం మార్కెట్‌కు పోతది. మిగతా రోజులు యూరియా బస్తాలు, పత్తి, గడ్డి, ఏది దొరికితే అది. ముందర గూడ కమాన్ పట్టీలే ఉన్న పాత రకం, పవర్ స్టీరింగ్ లేదు.

పోయిన ఏడు వానలు తగ్గినంక దానికి రెండు రోగాలు మొదలైనయి. నున్నటి రోడ్డు మీద 60 దాటంగనే స్టీరింగ్ చేతులల్ల గజగజ వణికేది, 75కు పోతే కొంచెం తగ్గేది. రెండోది, ఊరి రోడ్డు మీద గుంత వస్తే ఎడమ దిక్కు ముందర టకటక చప్పుడు. నేనేమో రెండూ ఒక్కటే రోగమనుకున్న. అక్కడనే తప్పు చేసిన.

ఒక షాపుకు పోతే చక్రాలు బ్యాలెన్సింగ్ చేసిండ్రు. నాలుగు రోజులు మంచిగుండె, అయిదో రోజు మళ్ల అదే వణుకు. ఇంకో షాపుల "షాకబ్జర్లు పోయినయ్ పటేలా" అన్నరు. రెండు కొత్తవి వేసిన, 5,200 అయినయి. టకటక ఇసుమంత గూడ తగ్గలే. ఎవ్వరూ బండిని జాకీ మీదకు లేపి చూడలే, నేనూ అడగలే. వాళ్లను అనేదేమున్నది, బండి నాది, అడగాల్సింది నేను.

ఇగ ఇట్లనే నడుస్తది లే అని ఊకున్న. చప్పుడు వినబడకుండ పాటలు పెట్టుకున్న. నవ్వకుండ్రి, మీల సగం మంది గదే చేస్తరు.

ఒకరోజు పొద్దుమీకి పత్తి ఏరిన ఆడోళ్లను ఎనుకకు ఎక్కించుకొని వస్తున్న. సరుకు బండిల మనుషులను ఎక్కించొద్దని చట్టమున్నది, ఏదన్నయితే ఇన్సూరెన్సు రాదని గూడ తెలుసు. తెలిసీ చేసిన, దాచుడెందుకు. పద్నాలుగు మంది ఉన్నరు, అండ్ల మా వదినె ఒకామె. కాల్వ కట్ట మీద మలుపు కాడ స్టీరింగ్ తిప్పితే బండి వెంటనే తిరగలే. జానెడు తిప్పినంక ఒక్కసారి గుంజినట్టు తిరిగింది. టైరు కట్ట అంచు మీదకు పోయి వచ్చింది. ఎనుకున్నోళ్లకు ఏం తెల్వదు, వాళ్ల ముచ్చట వాళ్లది. నా చేతులు మాత్రం ఇంటికి వచ్చేదాకా చల్లగనే ఉన్నయి.

2018 ఏప్రిల్‌ల పీఏ పల్లి మండలం వద్దిపట్ల కాడ పడమటి తండా కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాల్వల పడితే తొమ్మిది మంది ఆడోళ్లు సచ్చిపోయిన సంగతి మన దిక్కు ఎవ్వరూ మర్చిపోలే. ఆ రాత్రి నాకు అదే యాదికొచ్చింది. తెల్లారి కూలీలను ఆటోల తోలిచ్చి, బండిని వేపచెట్టు కింద పెట్టిన.

మా నాయిన ఎడ్లబండి కట్టేటప్పుడు రోజూ ఒక పని చేసేది. చక్రం మీద చెయ్యి వేసి లోపలికి బయటికి ఊపి చూసేది. ఎక్కువ ఊగితే ఇరుసు అరిగిందా, సీల వదులైందా అని చూసి, కందెన పెట్టి అప్పుడు కాడి ఎత్తేది. పికప్‌కు గూడ అదే పని. కాకపోతే ఊపేటివి జర ఎక్కువ జాగలుంటయి.

ముందుగాల చక్రాలు నేల మీదనే ఉంచి చూసిన. హ్యాండ్ బ్రేకు గుంజి, ఎనుక టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి, ఇంజన్ బందు చేసి, మా చిన్నోన్ని స్టీరింగ్ కాడ కూసోబెట్టిన. పూర్తిగ తిప్పొద్దు, రెండు ఇంచులు అటు రెండు ఇంచులు ఇటు ఊపుతనే ఉండు అన్న. నేను కింద పండుకొని ఒక్కొక్క జాయింటును పిడికిట పట్టుకుంట పోయిన. స్టీరింగ్ బాక్స్ చెయ్యి, డ్రాగ్ లింక్, టై రాడ్. మంచి జాయింటుకు రెండు దిక్కులూ కలిసే కదులుతయి. అరిగినదానికి ఒక దిక్కు కదిలినంక జరసేపటికి రెండోది కదులుతది, చేతికి టక్కున తగులుతది. ఎడమ చక్రం కాడ టై రాడ్ ఎండ్‌కు గట్లనే తగిలింది. దాని రబ్బరు టోపీ పగిలి లోపల గ్రీజు జాగల ఎర్రమట్టి నిండింది. లోపలి గుండు అరిగి లొడలొడ అంటున్నది. ఇంకొన్ని రోజులు నడిపితే గుండు గిన్నెల నుంచి ఊడి వచ్చేది. ఊడితే చక్రాలు రెండు ఒకదాని మాట ఒకటి వినవు, స్టీరింగ్ నీ చేతుల ఉన్నా ఒక్కటే, లేకున్నా ఒక్కటే.

అంటే కాల్వ కట్ట మీద నేను ఆ గుండు మీద పద్నాలుగు మందిని నడిపిన.

అక్కడితో ఆగలే. ఎడమ చక్రం జాకీతోని లేపి, ఇరుసు కింద గట్టి మొద్దు పెట్టిన. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు, మీకు చెప్పేదేమున్నది. టైరును పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టి ఊపితే కొంచెం ఊగింది. అది వీల్ బేరింగా, కింగ్ పిన్నా అని ఎట్ల తెలుస్తది? చిన్నోన్ని బ్రేకు తొక్కి పట్టమన్న. బ్రేకు తొక్కితే ఊగుడు ఆగిందంటే బేరింగ్. తొక్కినా ఊగుతనే ఉంటే కింగ్ పిన్ బుష్‌లు. నాది ఆగింది, బేరింగ్ వదులు. మీది కాయిల్ స్ప్రింగ్ బండి అయితే కింగ్ పిన్ జాగల బాల్ జాయింట్లు ఉంటయి, వాటిని గూడ ఇట్లనే పట్టుకోవచ్చు. చేతులు పక్కలకు పెట్టి ఊపితే ఊగేది ఎక్కువ శాతం టై రాడ్ దిక్కుది.

ఇగ టకటక. చిన్న గడ్డపార తీసుకొని కమాన్ కట్ట కొసకున్న షాకిల్ సందుల పెట్టి లేపిన. బుష్ అరిగి పిన్నుకు సందు పడ్డది, గడ్డపార లేపినప్పుడల్లా రోడ్డు మీద విన్న చప్పుడే వచ్చింది. కమాన్ కట్టను ఇరుసుకు పట్టిచ్చే యూ బోల్టు నట్లు గూడ ముప్పావు చుట్టు తిరిగినయి. 5,200 పెట్టి షాకబ్జర్లు మార్చింది ఉత్తదే, రోగం వాటి పక్కనే కూసున్నది.

మరి 60 కాడ వణుకుడు? అది వీటన్నిటికంటే నవ్వొచ్చే సంగతి. మా సొంతం ఎర్ర చెలక. ఆ ఏడు కౌలుకు పట్టిన చేను మాత్రం నల్లరేగడి. వానల బండి ఆ చేన్ల దిగబడ్డప్పుడు చక్రం రిమ్ము లోపలి దిక్కు రేగడి పట్టి, ఎండి, ఇటుక లెక్క అయింది. షాపుల ఆ మట్టి మీదనే బ్యాలెన్సింగ్ చేసిండ్రు. అయిదో రోజు ఒక పెళ్ల ఊడిపోయింది, లెక్క తప్పింది. చక్రం ఒక దిక్కు బరువుంటే మెల్లగ పోయినప్పుడు తెల్వదు, స్పీడ్ పెరిగినకొద్ది ఊపు పెరిగి ఒక స్పీడ్ కాడ బండి ఊపుతోని కలుస్తది, అక్కడ వణుకుతది. కొడవలితోని గీకి, నీళ్లు కొట్టి కడిగిన. దానికి రూపాయి ఖర్చు కాలే.

మీ బండికి ఏమున్నదో చప్పుడు ఎప్పుడొస్తదో చూసి సగం చెప్పొచ్చు. బండి ఆపి ఇంజన్ నడిపినప్పుడే వణికితే ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు చూడుండ్రి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డ్రమ్ములు, డిస్కులు. గుయ్యిమని మోత వచ్చి మలుపుల మారితే బేరింగ్. గుంతలల్ల మాత్రమే టకటక అంటే బుష్‌లు, షాకిళ్లు, షాకబ్జర్ బోల్టులు. కొన్నిసార్లు బ్యాటరీ పట్టీనో, బానెట్ కొక్కెమో గూడ అయి ఉంటది. వాటిని ఫస్టు చూసుకుంటే మంచిది, ఇజ్జత్ పోదు. టైరు మీద గూడ రాసే ఉంటది: ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, చెయ్యి పెట్టి నిమిరితే గుంతలు గుంతలుగ తగిలితే షాకబ్జరో, ఏదో జాయింటు వదులో.

నల్లగొండల తెలిసిన మెకానిక్‌తోని టై రాడ్ ఎండ్లు రెండు దిక్కులా మార్పిచ్చిన. కాటర్ పిన్ను పాతదే వంచి పెడుతుంటే ఆపి, కొత్తది తెప్పిచ్చిన. అయిదు రూపాయల పిన్ను, ఆ నట్టు ఊడకుండ పట్టేది గదొక్కటే. బేరింగ్ కడిగి గ్రీజు పెట్టి బిగిచ్చిండు, షాకిల్ బుష్‌లు వేసిండు, యూ బోల్టులు బిగిచ్చిండు. అంతా కలిపి 4,100. షాకబ్జర్ల కంటే తక్కువ. అలైన్‌మెంట్ మాత్రం ఇవన్నీ అయినంకనే చేపిచ్చిన. లొడలొడ జాయింట్ల మీద అలైన్‌మెంట్ చేస్తే ఇంటికి వచ్చేసరికే తప్పుతది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగినంక యూ బోల్టులు ఇంకోసారి బిగిచ్చుకోవాలె, కొత్తగ బిగిచ్చినవి జర వదులైతయి.

కూలీలను ఇప్పుడు ఆటోల్నే పిలిపిస్తున్న, కిరాయి నేనే ఇస్తున్న. మా వదినెకు ఆ రోజు సంగతి మొన్న బతుకమ్మ నాడు చెప్పిన. జరసేపు ఏం అనలే. తర్వాత "గందుకేనా ఆటో" అన్నది.

నిన్న మాల్ నుంచి వస్తుంటే ఎనుక దిక్కు కొత్త చప్పుడు ఒకటి వినబడ్డది, గేరు మార్చినప్పుడల్లా ఒక్క టక్. షాఫ్ట్ క్రాస్ అనుకుంటున్న. పాటలు బందు పెట్టిన. ఆదివారం పొద్దున చిన్నోడు ఇంటి కాడనే ఉంటడు, కింద పండుకొని చూస్తా.